కలెక్షన్‌కే మొత్తం చెప్పడం నేర్పుదాం

(భీమవరంలో వెబ్ ప్రోగ్రామింగ్ విద్యార్థులు, ఆక్వా వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసేవారి ఎదుట చేసిన ప్రసంగం. రానివారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తెర మీద చూపిన కోడ్ ఇక్కడ మాటల్లోనే ఉంది.)

నమస్కారం. ముందు ఒక లెక్క. మీలో చెరువులున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తండి. సగం మంది పైనే ఉన్నారు. భీమవరంలో ఇంకెలా ఉంటుంది లెండి. సరే, ఒక రైతు రెండు చెరువులు పట్టాడు. మొదటి దానిలో 500 కిలోలు, 30 కౌంటు. రెండో దానిలో 1,500 కిలోలు, 60 కౌంటు. చెరువులు లేనివాళ్ల కోసం చెబుతున్నాను, కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకె. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఇప్పుడు రెండు చెరువులకూ కలిపి సగటు కౌంటు ఎంత?

45 అన్నారు ఎవరో. 30, 60 కూడి రెండుతో భాగించారు. వెనుక నిలబడిన పెద్దాయన నవ్వుతున్నారు, ఆయనకు తెలిసిపోయింది. మొదటి చెరువులో రొయ్యలు 15,000. రెండో చెరువులో 90,000. కలిపి 1,05,000 రొయ్యలు, 2,000 కిలోలు. సగటు కౌంటు 52.5. అవునా? 45 వేసుకుని రేటు మాట్లాడితే బేరంలో ఎవరో ఒకరు మునుగుతారు.

మీరు రాసే వెబ్ పేజీలో ఈ పట్టుబడుల, అంటే ఒక్కో చెరువులో పట్టిన రొయ్యల, పట్టిక ఉంటుంది. కింద ఒక వరుస ఉంటుంది: మొత్తం కిలోలు, సగటు కౌంటు, మొత్తం సొమ్ము. ఆ అడుగు వరుసలోని అంకెను ఎవరు లెక్కపెట్టారు? నేను అడుగుతున్నది మనిషి పేరు కాదు. మీ కోడ్‌లో ఏ భాగం లెక్కపెట్టింది?

నేను చూసిన ప్రాజెక్టుల్లో చాలావాటిలో పేజీని గీసే కోడే ఆ పని చేస్తుంది. వరుసలు గీస్తూ, పక్కన ఒక వేరియబుల్‌లో కూడుకుంటూ పోతుంది. బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు యజమాని వచ్చి, బిల్లు ముద్రించినప్పుడు కూడా కింద మొత్తం రావాలి అంటాడు. అక్కడ మళ్లీ కూడతారు. తరువాత ఫోనులో చూసుకోవడానికి ఒక చిన్న పేజీ. అక్కడ ఇంకోసారి, అది వేరే కుర్రాడు రాస్తాడు. ఒకచోట రద్దయిన పట్టుబడిని వదిలేసి కూడతారు, ఇంకోచోట దాన్నీ కలిపేస్తారు. ఇక ఏజెంటు చేతిలోని కాగితం ఒక మాట చెబుతుంది, రైతు చేతిలోని ఫోను ఇంకో మాట చెబుతుంది. ఇద్దరూ మీ దగ్గరకే వస్తారు.

అందుకే ఇవాళ నేను చెప్పేది ఒక్కటే. మొత్తం చెప్పే పని కలెక్షన్‌ది, అంటే కోడ్‌లో ఆ వరుసల డేటానంతా పట్టి ఉంచే భాగానిది. గీసేవాడు అడగాలి, కలెక్షన్ చెప్పాలి. ముద్రించేవాడు అడిగినా, ఫోను అడిగినా అదే జవాబు రావాలి. వినడానికి ఇంతే. చేయడంలోనే ఉంది తిప్పలంతా.

ఉదాహరణకు బ్యాక్‌బోన్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని తీసుకున్నాను. ఆ పేరు వినగానే ముందు వరుసలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలుసు, పాతదే. జెరెమీ యాష్కెనాస్ 2010లో విడుదల చేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇప్పుడు రియాక్ట్ అంటారు, వ్యూ అంటారు. అయినా నేర్చుకోవడానికి నాకు ఇదే ఇష్టం. దీనిలో దాపరికం లేదు. ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే మూలం మొత్తం చదివేయవచ్చు. ఇక్కడ అర్థమైన విషయం ఏ లైబ్రరీకి పోయినా పనికొస్తుంది. పైగా ఇంకా దీనిమీదే నడుస్తున్న పాత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. రేపు ఉద్యోగంలో చేరగానే మీ నెత్తిన పడేవి అవే.

బ్యాక్‌బోన్‌లో ఒక్కో పట్టుబడి ఒక మోడల్. చెరువు పేరు, కిలోలు, కౌంటు, రేటు, తేదీ. ఆ మోడళ్లన్నీ కలిసి ఒక కలెక్షన్. కలెక్షన్‌కు మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్, గ్రూప్‌బై, మిన్, మ్యాక్స్, ఇవన్నీ అండర్‌స్కోర్ అనే లైబ్రరీ నుంచి పుట్టుకతోనే వస్తాయి. అన్నీ ఉన్నాయి, కూడిక లేదు! సమ్ అనే మెథడ్ లేదు, సగటు లేదు. అండర్‌స్కోర్‌లోనే లేదు. దాని దారిలోనే వచ్చిన లోడాష్‌లో సమ్‌బై, మీన్‌బై ఉన్నాయి. ఎక్స్‌ట్ జేఎస్ అనే ఇంకో లైబ్రరీ వాడినవాళ్లకు గుర్తుండాలి, అందులో స్టోర్‌కు, అంటే అక్కడి కలెక్షన్‌కు, సమ్, యావరేజ్ నేరుగా ఉంటాయి. బ్యాక్‌బోన్‌లో మనమే చేర్చుకోవాలి. కలెక్షన్‌ను ఎక్స్‌టెండ్ చేసి, మొత్తం అనే మెథడ్ ఒకటి రాసి, దానిలో రెడ్యూస్‌తో సున్నా నుంచి మొదలుపెట్టి ఫలానా ఫీల్డ్‌ను కూడుకుంటూ పోవడమే. ఐదారు పంక్తులు. ఇంతేనా అంటారా? ఇంత వరకు ఇంతే.

ముందు అంకెలు అంకెలేనా చూడండి

ఇప్పుడు తెర మీద చూడండి. రెండు పట్టుబడులు, 1200 కిలోలు, 850 కిలోలు. మొత్తం ఎంత రావాలి? 2,050. ఏం వచ్చింది? 01200850. నవ్వకండి, ఇలాంటిది మీలో చాలామందికి ఎదురయ్యే ఉంటుంది. టైపు చేసే పెట్టెలోంచి వచ్చే విలువ ఎప్పుడూ అక్షరాల వరుసే. జావాస్క్రిప్ట్‌లో ప్లస్ గుర్తు అక్షరాలను చూస్తే కూడదు, అతికిస్తుంది. ముందున్న ఆ సున్నా ఎక్కడిది? రెడ్యూస్‌కు మనం ఇచ్చిన తొలి సున్నా. మొత్తం ముందు సున్నా కనబడిందంటే దొంగ ఎక్కడ దూరాడో తెలిసిపోయినట్టే.

సరే, అంకెగా మార్చి కూడదాం అంటారు. దేనితో మారుస్తారు? పార్స్‌ఫ్లోట్‌తో. మన గుమాస్తా 1,200 అని కామా పెట్టి టైపు చేశాడు. పార్స్‌ఫ్లోట్ కామా దగ్గర ఆగిపోతుంది. జవాబు ఒకటి. పన్నెండు వందల కిలోలు ఒక్క కిలో అయిపోయింది! తప్పు అని ఎక్కడా అరవదు, ఎర్రగా ఏమీ రాదు, మొత్తం మాత్రం 1,199 కిలోలు తగ్గి ఉంటుంది. అదే నంబర్ ఫంక్షన్‌తో మారిస్తే నాన్ వస్తుంది. నాన్ అంటే అంకె కానిది అని. అది ఒక్కటి కలిసినా మొత్తమంతా నాన్ అయిపోతుంది. చూడడానికి వికారంగా ఉంటుంది కానీ, నేను దాన్నే కోరుకుంటాను. ఎవరో ఒకరు ఫోను చేస్తారు కదా, మీ పేజీలో ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చిందని. కిలోలు తగ్గిపోతే ఎవరూ ఫోను చేయరు. కామాలు తీసేసి, నంబర్‌తో మార్చి, ఆ పని మోడల్‌లోకి విలువ వచ్చే గుమ్మం దగ్గరే చేయండి. కూడే చోట చేయకండి.

ఖాళీ పెట్టె సంగతి వేరు. నంబర్‌కు ఖాళీ అక్షరాలు ఇస్తే సున్నా అంటుంది. ఇంకా పట్టని చెరువుకు కిలోలు సున్నానా, తెలియదా? మొత్తానికి రెండూ ఒకటే. సగటుకు కాదు. నాలుగు చెరువుల్లో ఒకటి ఇంకా పట్టలేదు, దాన్ని సున్నాగా కలిపి నాలుగుతో భాగిస్తే మిగతా మూడు చెరువుల రైతు కష్టాన్ని కిందికి లాగినట్టే. డేటాబేసుల్లో ఎస్‌క్యూఎల్ వాడినవాళ్లకు తెలుసు, అక్కడ సగటు తీసే ఫంక్షన్ నల్, అంటే విలువ లేదు అనే గుర్తు, ఉన్న వరుసలను లెక్కలోకే తీసుకోదు. జావాస్క్రిప్ట్ అలా కాదు. నల్‌కు ఐదు కలిపితే ఐదు అంటుంది. అన్‌డిఫైన్డ్‌కు, అంటే అసలు ఏ విలువా పెట్టనిదానికి, ఐదు కలిపితే నాన్ అంటుంది. ఇంకో చమత్కారం చూడండి. ఆ నాన్‌ను జేసన్‌గా, అంటే డేటాను పంపే అక్షర రూపంలోకి, మార్చి సర్వర్‌కు పంపితే నల్ అయి పోతుంది. తిరిగి వచ్చినప్పుడు నల్‌గానే వస్తుంది, కూడితే సున్నాతో సమానం. నిన్న నాన్ అని అరిచిన పేజీ ఇవాళ పేజీ మళ్లీ తెరిచేసరికి బుద్ధిగా ఒక తప్పుడు అంకె చూపిస్తుంది. తప్పు తనంతట తానే దాక్కుంది.

పైసల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 0.1కి 0.2 కలిపి, అందులోంచి 0.1 తీసేసి, 0.2 తీసేస్తే సున్నా రావాలి కదా? రాదు. దశాంశ బిందువు తరువాత పదహారు సున్నాలు దాటాక ఏవో అంకెలు మిగులుతాయి. కంప్యూటర్ ఈ భిన్నాలను ద్విసంఖ్యల్లో కచ్చితంగా దాచుకోలేదు. సొమ్మును పైసల్లో, తూకాన్ని గ్రాముల్లో పూర్ణసంఖ్యలుగా పెట్టుకోండి. 9,007,199,254,740,991 వరకు, అంటే తొంభై కోట్ల కోట్లు దాటి, పూర్ణసంఖ్యలు కచ్చితంగానే ఉంటాయి. పైసల్లో వేసుకున్నా జిల్లా మొత్తం రొయ్యలకు సరిపోతుంది. గుండ్రం చేయడం చూపించేటప్పుడే. టూఫిక్స్‌డ్ అనే మెథడ్ తిరిగి ఇచ్చేది అక్షరాల వరుస అని మరిచిపోకండి. దాన్ని కూడారా, మళ్లీ అతుకే.

ఖాళీ కలెక్షన్‌తో ఏమవుతుంది? సీజను మొదట్లో పట్టిక ఖాళీగానే ఉంటుంది, అందరూ మొదట చూసేది ఆ పేజీనే. మొత్తం సున్నా, బాగుంది. సగటు సున్నా బై సున్నా, నాన్. గరిష్ఠం? బ్యాక్‌బోన్‌లో మ్యాక్స్ మెథడ్ తిరిగి ఇచ్చేది విలువను కాదు, ఆ విలువ ఉన్న మోడల్‌ను. అందుకే అందరూ దాని మీద గెట్ అని పిలిచి కిలోలు అడుగుతారు. కలెక్షన్ ఖాళీగా ఉంటే మ్యాక్స్ రుణ అనంతాన్ని ఇస్తుంది. అనంతానికి గెట్ ఎక్కడిది? పేజీ అక్కడే కూలబడుతుంది. ఖాళీ అయితే నల్ ఇవ్వండి, గీసేవాడు ఒక గీత గీసుకుంటాడు.

మారినప్పుడు మొత్తం కూడా మారాలి

ఇక అసలు విషయం. మొత్తం ఒకసారి లెక్కపెట్టడం తేలిక. గుమాస్తా ఒక వరుస దిద్దాడు, ఇంకోటి తీసేశాడు, కొత్తది చేర్చాడు. ఇప్పుడు?

బ్యాక్‌బోన్‌లో అందమైన ఏర్పాటు ఒకటుంది. ఏ మోడల్‌లో ఏది మారినా ఆ కబురు కలెక్షన్ దగ్గర కూడా వినబడుతుంది. యాడ్, రిమూవ్, చేంజ్, రీసెట్. కాబట్టి కలెక్షన్ తన కబుర్లు తానే వినవచ్చు. చేరితే కూడు, పోతే తీసివేయి, మారితే కొత్త విలువ కలిపి పాత విలువ తీసేయి. పాత విలువ ఎక్కడ దొరుకుతుంది? మోడల్‌ను ప్రీవియస్ అని అడిగితే చెబుతుంది. రీసెట్ మాత్రం ఒక్కో వరుసకు విడిగా కబురు పంపదు. ఒక్కటే కబురు, అంతా మారిందని. అప్పుడు మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

వినడానికి ఎంత బాగుందో! కానీ ఎవరో ఒకచోట సైలెంట్ అనే ఆప్షన్ పెట్టి కిలోలు 800 నుంచి 900 చేశారనుకోండి. కబురు రాలేదు. మొత్తంలో 800 అలాగే ఉంది. కాసేపటికి ఆ వరుసను తీసేశారు. రిమూవ్ కబురు వచ్చింది, మనం మోడల్‌ను అడిగితే 900 అంది, 900 తీసేశాం. ఎప్పుడూ కలపని వంద కిలోలు తీసేశాం. పట్టిక ఖాళీ, అడుగున మొత్తం మైనస్ వంద. దీనికి మందు ఉంది. ఎవరి వంతుగా ఎంత కలిపామో కలెక్షనే రాసి పెట్టుకోవాలి. ప్రతి మోడల్‌కు బ్యాక్‌బోన్ సీఐడీ అని ఒక గుర్తింపు ఇస్తుంది, సర్వర్‌కు ఇంకా పంపని మోడల్‌కూ ఉంటుంది. ఆ గుర్తింపు పక్కన మనం కలిపిన విలువ రాసుకుంటే, తీసేసేటప్పుడు మోడల్‌ను అడగనక్కరలేదు, మన రాతనే చూసుకుంటాం.

ఇంత కష్టం ఎందుకండీ అని మూడో వరుసలో అమ్మాయి అడుగుతోంది. చక్కటి ప్రశ్న. నిజానికి చాలాసార్లు అక్కరలేదు. రెండు వందల వరుసలున్న పట్టికను మొదటి నుంచి కూడడం కంప్యూటర్‌కు ఒక పనే కాదు. నేనైతే మొదట చేసేది ఇది: ఏ కబురు వచ్చినా కూడను. పాతబడింది అని ఒక గుర్తు మాత్రం పెట్టుకుంటాను. ఎవరైనా మొత్తం అడిగినప్పుడు, గుర్తు ఉంటే అప్పుడు మొదటి నుంచి లెక్కపెట్టి, దాచుకుని, గుర్తు తీసేస్తాను. సర్వర్ నుంచి ఐదు వందల వరుసలు ఒకేసారి వచ్చి ఐదు వందల యాడ్ కబుర్లు వచ్చినా కూడేది ఒక్కసారే. అడుగు వరుసను మళ్లీ గీయడానికి కూడా యాడ్‌ను వినకండి, అప్‌డేట్‌ను వినండి. ఎన్ని చేరినా, ఎన్ని పోయినా అది చివర్లో ఒక్కసారే వస్తుంది. వేల వరుసలుండి, క్షణక్షణం మారుతుంటేనే ఆ కలుపు, తీసివేత పద్ధతి.

ఆ పద్ధతికి పోయినా అన్ని లెక్కలకూ అది కుదరదు. డేటాబేసుల పరిశోధకుడు జిమ్ గ్రే, ఆయన సహచరులు డేటా క్యూబ్ అనే, పట్టికల మొత్తాలు కట్టే పద్ధతి మీద రాసిన పత్రం ఒకటుంది, 1990ల మధ్యలోది. లెక్కలను వాళ్లు మూడు జాతులుగా విడదీశారు. మొత్తం, సంఖ్య లాంటివి ముక్కలుగా కూడి, ఆ ముక్కలను మళ్లీ కూడినా సరిపోతాయి. సగటు అలా కాదు, కానీ మొత్తం, సంఖ్య రెండూ దాచుకుంటే దాన్ని ఎప్పుడైనా రాబట్టవచ్చు. మధ్యగతం ఉందే, మీడియన్, అది మూడో జాతి. అన్ని విలువలూ చేతిలో లేనిదే చెప్పలేం. నాకు బాగా నచ్చింది గరిష్ఠం గురించి వాళ్లన్న మాట. వరుసలు చేరుతున్నంతసేపు గరిష్ఠం మొదటి జాతి, తీసేసేటప్పుడు మూడో జాతి. ఆలోచించండి. పెద్ద పట్టుబడి 2,400 కిలోలు. కొత్తది వస్తే దానితో పోల్చి చూస్తే చాలు. ఆ 2,400నే తీసేశారు. తరువాతి పెద్దది ఏది? మీకు తెలియదు. మళ్లీ మొత్తం వెతకాల్సిందే.

మొదట అడిగిన కౌంటు సంగతి కూడా ఇక్కడ తేలిపోతుంది. సగటు అనే మెథడ్‌కు ఫీల్డ్ పేరు ఒక్కటి చాలదు, తూకం ఏ ఫీల్డో కూడా చెప్పాలి. కౌంటును కిలోలతో గుణించి కూడి, కిలోల మొత్తంతో భాగించాలి. ఎఫ్‌సీఆర్ కూడా అంతే. కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పోయిందో ఆ లెక్క. ఒక్కో చెరువు ఎఫ్‌సీఆర్ తీసి సగటు కట్టకండి. మొత్తం మేతను మొత్తం పట్టుబడితో భాగించండి. ఎక్స్‌ట్ జేఎస్ గ్రిడ్‌లో ప్రతి నిలువు వరుసకూ సమ్మరీ టైప్ అని రాసి వదిలేసే వీలుంది. యావరేజ్ అని రాస్తారు, అది 45 చూపిస్తుంది. గ్రిడ్ తప్పేమీ లేదు, దానికి కిలోల గురించి ఎవరూ చెప్పలేదు. అందుకే ఆ నిర్వచనం నిలువు వరుస మీద ఉండకూడదు, డేటా దగ్గర ఉండాలి అంటాను.

అసలు కూడకూడని అంకెలూ ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర గంట గంటకూ వదిలిన నీటి పట్టిక మీ చేతిలో ఉందనుకోండి, క్యూసెక్కుల్లో. అడుగున మొత్తం అని పెట్టి ఇరవై నాలుగు అంకెలు కూడితే ఏమొస్తుంది? ఏమీ రాదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు అనే వేగం. కాలంతో గుణించాలి. లక్ష క్యూసెక్కులు రోజంతా పోతే 8.64 టీఎంసీలు. అది కూడదగ్గ అంకె. సరే, సగటు వేద్దామా? అదీ అక్కరకు రాదు. పది లక్షల క్యూసెక్కుల దగ్గర మొదటి హెచ్చరిక, పదమూడు దగ్గర రెండోది, పదిహేడు దగ్గర మూడోది. లంకల్లో ఉన్నవాళ్లకు కావలసింది గరిష్ఠం, అది ఏ గంటకు వచ్చిందో, ఇప్పుడు పెరుగుతోందా తగ్గుతోందా. ధాన్యం తేమ కూడా చూడండి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటకూడదు. సగటు పదహారున్నర వచ్చింది కదా అని మురిసిపోతే, ఇరవై ఉన్న లాటును వెనక్కి పంపేస్తారు. అక్కడ కావలసిన లెక్క, పదిహేడు దాటినవి ఎన్ని అని.

చివరగా పేజీల సంగతి. సర్వర్‌లో మూడు వేల పట్టుబడులు ఉన్నాయి, తెర మీదకు ఇరవై తెచ్చారు. కలెక్షన్‌ను మొత్తం అడిగితే దేనికి చెబుతుంది? తన దగ్గరున్న ఇరవైకి. పాత పద్దు పుస్తకాల్లో పేజీ అడుగున మొత్తం వేసి, దాన్ని తరువాతి పేజీ నెత్తిన మళ్లీ రాసుకుని కూడిక కొనసాగించేవారు, ఏ పేజీ తెరిచినా అప్పటివరకు ఎంతో తెలిసేది. మన కలెక్షన్‌కు వెనుక పేజీ తెలియదు. కాబట్టి అసలు మొత్తం సర్వరే కట్టి, వరుసల పక్కనే పంపాలి. బ్యాక్‌బోన్‌లో కలెక్షన్‌కు పార్స్ అని ఒక మెథడ్ ఉంది. వచ్చిన జవాబులోంచి మొత్తాలను తీసి పక్కన దాచుకుని, వరుసలను మాత్రం తిరిగి ఇవ్వండి. అడిగేవాడికి తేడా తెలియనక్కరలేదు, కలెక్షన్‌నే అడుగుతాడు. అడుగు వరుస మీద మాత్రం ఇది ఈ పేజీ మొత్తమా, సీజను మొత్తమా అన్నది తెలుగులో స్పష్టంగా రాయండి. వడకట్టిన పట్టిక అయితే, వడకట్టినవాటి మొత్తం అని రాయండి. గొడవల్లో చాలా వరకు ఆ ఒక్క పేరు లేకపోవడం వల్లే వస్తాయి.

గుమాస్తా ఈ పేజీలో ఒక వరుస దిద్దితే, సర్వర్ పంపిన మొత్తం అప్పటికే పాతది. తేడాను మనమే కలిపేసి చూపించవచ్చు, కొందరు అలాగే చేస్తారు. కానీ అదే సమయంలో పాలకొల్లులో ఇంకో గుమాస్తా ఇంకో వరుస దిద్దుతుంటాడు, అది మన కలెక్షన్‌కు తెలియదు. నేనైతే సేవ్ అయిన కబురు వచ్చేవరకు ఆ అంకెను బూడిద రంగులో ఉంచి, మొత్తాలను మాత్రం సర్వర్‌ను మళ్లీ అడుగుతాను. అర సెకను ఆలస్యమవుతుంది, కానివ్వండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు ఆ వెనుక నిలబడిన పెద్దాయనకు మైకు ఇవ్వండి.